పిల్లల రంగుల పేజీల్లోకి మన కాలాలు రావాలి: వర్క్‌బుక్కులు తయారుచేసేవాళ్లకు బహిరంగ లేఖ

ఎల్‌కేజీ, యూకేజీ, ఒకటో తరగతి వర్క్‌బుక్కులు వేసే ప్రచురణకర్తలకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీల్లో (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లలో) చిన్న తరగతుల మెటీరియల్ చూసేవాళ్లకు, రెండు రాష్ట్రాల్లో అంగన్‌వాడీ ప్రీస్కూల్ పని చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ఒక పల్లెటూరి ప్రాథమిక బడిలో ఒకటి, రెండు తరగతులకు చెప్తాను. అడగాల్సింది ముందే అడిగేస్తాను, ఎందుకన్నది తర్వాత చెప్తాను. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు లెక్కలు అలవాటు చేయడానికి మీరు ఇచ్చే రంగుల పేజీలు ఏ నెలకు ఆ నెల మన ఊళ్లలో కంటికి కనిపించేవాటితో, చేతికి దొరికేవాటితో చేయండి. తొలకరికి ఆరుద్ర పురుగు, బతుకమ్మ రోజులకు తంగేడు, సంక్రాంతికి చుక్కల ముగ్గు, ఎండాకాలానికి తాటి ముంజలు. అలాగే రంగు వేయడమంటే గీత దాటకుండా నింపడమే అన్నట్టు కాకుండా, ఏది ఎన్నింటికి వేయాలో పిల్లలే తేల్చుకునేలా ఆ పేజీలు తయారుచేయండి. ఈ రెండే నేను అడిగేది.

ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. మా చెల్లెలి కొడుకు టౌన్‌లో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ. వాడి లెక్కల వర్క్‌బుక్‌లో డిసెంబరు పేజీ మంచుమనిషి. మూడు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి, ముక్కుకు క్యారెట్, పొట్ట మీద గుండీలు. గుండ్రాలు లెక్కపెట్టి రంగు వేయమని కింద రాసి ఉంది. వాడు మూడింటికీ శుభ్రంగా ఇటుక రంగు వేశాడు. ఏంట్రా ఇవి అంటే "కుండలు పెద్దమ్మా" అన్నాడు. వాళ్ల వీధి చివర కుండలు అమ్మేవాళ్లు అచ్చం అలాగే పెద్దది కింద, చిన్నది పైన పేర్చి పెడతారు. పెద్దది, దానికంటే చిన్నది, అన్నిటికంటే చిన్నది అని వాడు వేలు పెట్టి మరీ చూపించాడు. అంటే సైజుల వరస పిల్లాడికి వచ్చేసింది, లెక్క కూడా వచ్చింది. కానీ ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో ఇంటూ పడింది, ఎందుకంటే మంచు తెల్లగా ఉండాలి. తెల్లకాగితం మీద తెల్ల క్రేయాన్‌తో వాడు ఏం వేస్తాడు, ఏం చూసుకుంటాడు? నేను ఆ టీచర్‌ని తప్పు పట్టడం లేదు. యాభై పేజీల పుస్తకం గడువులోపు పూర్తి చేయించాలి, పేరెంట్స్ మీటింగ్‌లో చూపించాలి, ఆ టెన్షన్ ఆమెది. తప్పు ఆ బొమ్మను ఆ పిల్లాడి ముందు పెట్టడంలో ఉంది.

అదే పుస్తకంలో అక్టోబరుకు ఎర్రగా, పసుపుగా రాలే ఆకులు ఉన్నాయి, ఏప్రిల్‌కు గొడుగు పట్టుకున్న పిల్ల ఉంది, జులైకి సముద్రం ఒడ్డున ఎండకు టోపీ పెట్టుకున్న పిల్లాడు ఉన్నాడు. మనకు జులైలో గొడుగు కావాలి, ఏప్రిల్‌లో టోపీ కావాలి. చలికి పేరుపడ్డ మన లంబసింగిలో కూడా పొగమంచు, గడ్డి మీద నూగులాంటి మంచు తప్ప మనిషి బొమ్మ చేసుకునేంత మంచు పడదు. ఆ పేజీలు చెడ్డవి అనడం లేదు. అవి తయారైన చోట అవి చాలా సరైనవి. చికాగోలో ఉండే తెలుగు పిల్లకు మంచుమనిషి పేజీ ఇవ్వండి, ఆ పిల్ల పొద్దున్నే గ్లవుజులు వేసుకుని దాన్ని చేసి వచ్చింది కాబట్టి ఎన్ని గుండీలు పెట్టిందో తనకు గుర్తుంటుంది. రాలిన ఆకులు తండ్రితో కలిసి పెరట్లో ఊడ్చిన పిల్లకు ఆకులు వేరుచేసే పేజీ నిజంగా లెక్కే. నేను కోరేది కూడా అదే మేలు, ఇక్కడి పిల్లలకు ఇక్కడివాటితో.

అసలు కాలానికి, లెక్కకు సంబంధం ఏమిటని మీలో ఎవరైనా అనుకోవచ్చు. నాలుగేళ్ల పిల్లను అంకెలు చెప్పమంటే ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది, ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు. అదే పిల్లను ఏడు చింతగింజలు ఇవ్వమని అడగండి, గుప్పెడు తీసి ఇచ్చేస్తుంది. ఎన్ని ఉన్నాయని అడిగితే ఒకటి, రెండు అంటూ లెక్కపెడుతుంది, అయిపోయాక "ఇంతకీ ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెప్తుందని ఇంకా ఎక్కలేదన్నమాట. పిల్లలు లెక్కపెట్టడం వెనక ఏమేం ఉంటాయో రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే అయిదు సూత్రాలుగా చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకే, అంకెల వరస మారకూడదు, చివరి అంకే మొత్తం, ఏ వస్తువులైనా లెక్కపెట్టొచ్చు, ఎటు నుంచి లెక్కపెట్టినా అంతే వస్తుంది. ఈ అయిదూ నోటితో చెప్తే వచ్చేవి కావు, చేత్తో ముట్టుకుంటూ, జరుపుతూ, మళ్లీ చూసుకుంటూ ఉంటే వస్తాయి. రంగు వేయడం అందుకే మంచి సాధనం. రంగు వేసిన కాయ లెక్కలోకి వచ్చేసిన కాయ, వేయనిది మిగిలి ఉన్న కాయ. ఎక్కడిదాకా వచ్చామో పిల్లకు కళ్ల ముందే ఉంటుంది.

అయితే బొమ్మలో ఉన్నది నిజంగా అంతేనా కాదా అని పిల్ల చూసుకోగలగాలి. నేను పుస్తకంలో బొమ్మల బదులు సొంతంగా గీసి జిరాక్స్ తీయించి ఇచ్చే పేజీల్లో ఒకటి తాటికాయలది. వేసవి సెలవులకు ముందు, ముంజలు మొదలయ్యే రోజుల్లో ఇస్తాను. కోసిన తాటికాయలు నాలుగు, ఒక్కోదానికి మూడేసి కన్నులు. కాయకు ఒక రంగు చొప్పున కన్నులకు వేసి, పక్కన గళ్లలో అన్ని చుక్కలు పెట్టాలి. ఒక ఏడాది ఒకమ్మాయి పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "టీచర్, మీ బొమ్మ తప్పు, మా నాన్న కొట్టినవాటిల్లో ఒకదానికి రెండే ఉన్నాయి" అంది. నిజమే, తాటికాయకు మామూలుగా మూడు కన్నులు, కానీ రెండున్నవీ దొరుకుతాయి. ఆ అమ్మాయి ఒక కాయలో ఒక కన్నును నల్లగా కొట్టేసి రెండు చేసుకుంది, పక్కన గళ్లలో పదకొండు చుక్కలు పెట్టింది. పన్నెండు రావాల్సిన పేజీలో పదకొండు వచ్చింది, అది పూర్తిగా సరైన సమాధానం. అచ్చయిన పేజీతో ఆరేళ్ల పిల్ల గొడవ పడి గెలిచింది. మంచుమనిషి గుండీల విషయంలో మన పిల్లలెవరూ ఆ గొడవ పెట్టుకోలేరు, ఎందుకంటే వాళ్ల దగ్గర సరిచూసుకోవడానికి ఏమీ లేదు, పేజీ ఎంతంటే అంతే.

నా మాటంతా దీని చుట్టూనే ఉంది. అంకె పుస్తకంలో ఉండేది కాదు, బయట ఉన్నదాన్ని చెప్పేది అని పిల్లలకు బడికొచ్చిన మొదటి మూడు నాలుగేళ్లలో తెలియాలి. అది తెలియకపోతే తర్వాత కూడికలు, తీసివేతలు వాళ్లకు టీచర్ మెప్పు కోసం చేసే పని అయిపోతుంది.

ఇప్పుడు మన ఏడాది చూడండి, అది రంగుల పేజీలతోనే నిండి ఉంటుంది. మన బడులు జూన్‌లో తెరుస్తాం, సరిగ్గా అప్పుడే తొలకరి. మొదటి వానలకు ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఇసుక నేలల్లో పాకుతుంటాయి. దానికి ఎనిమిది కాళ్లు, అటు నాలుగు, ఇటు నాలుగు. బొమ్మలో ఒకవైపు కాళ్లే గీసి రెండోవైపు పిల్లల్నే గీయమనండి. అప్పుడు నాలుగు నాలుగు ఎనిమిది అన్నది ఎక్కం కాదు, వాళ్ల చేతి పని. (పురుగును పట్టుకుని నలపొద్దని మాత్రం పేజీ కింద ఒక మాట రాయండి.) అదే నెలలో ఇంకో పేజీ, ఏడాదంతా వాడగలిగేది: రోజుకో గడి ఉన్న చార్టు. ఎండ కాస్తే పసుపు, మబ్బు పడితే బూడిద రంగు, వాన పడితే నీలం. రోజూ ఒక పిల్ల బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చి ఆ రోజు గడి నింపుతుంది. నెలాఖరుకు గళ్లు కత్తిరించి ఏ రంగుకు ఆ రంగు వరసగా అంటిస్తే మూడు నిలువు పట్టీలు వస్తాయి. ఏది పొడవు, ఏది పొట్టి, నీలం కంటే పసుపు ఎన్ని ఎక్కువ? పై తరగతుల్లో బార్ గ్రాఫ్ అని మనం భయపెట్టేది ఇదే. ఆగస్టు పట్టీని, జూన్ పట్టీని పక్కపక్కన పెడితే మాట్లాడుకోవడానికి ఒక పీరియడ్ చాలదు, పిల్లలే "ఈ నెల వాన తక్కువ, మా నాన్న అన్నాడు" అంటూ మొదలుపెడతారు.

వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి. అన్నీ ఏ ఊళ్లోనూ దొరకవు, దొరికిన ఆకుల అంచులు కాగితం మీద పెట్టి గీయించి, ఆకారాన్ని బట్టి గుంపులు చేసి, గుంపుకో ఆకుపచ్చ వేయిస్తే వర్గీకరణ అయిపోతుంది. మారేడు ఆకు దగ్గర ఆగండి, ఒక కాడకు మూడు. మోదుగకూ అంతే. మూడేసి చొప్పున లెక్కపెట్టడానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు కనిపించలేదు.

బతుకమ్మ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దానిలో ఉన్నంత లెక్క ఏ వర్క్‌బుక్‌లోనూ లేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఆడవాళ్లు గునుగు పూలను కట్టలు కట్టి, కొసలు కత్తిరించి, రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. అంటే రంగు వేయడం, లెక్కపెట్టడం, వరస పెట్టడం మూడూ నిజంగానే వసారాలో జరుగుతుంటాయి, పిల్లలు పక్కనే కూర్చుని అందిస్తుంటారు. ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, ఒక వరస బంతి, మళ్లీ తంగేడు. ఏ వరస తర్వాత ఏది రావాలో అయిదేళ్ల పిల్ల చెప్పేస్తుంది, దాన్నే మీ పుస్తకాల్లో ప్యాటర్న్ అని ఎర్ర త్రికోణం, నీలి చతురస్రంతో నేర్పిస్తారు. పేజీ ఎలా ఉండాలంటే, కింద తొమ్మిది పూల వరస, దాని పైన ఏడు, అయిదు, మూడు, పైన ఒక్క గుమ్మడి పువ్వు. కింది రెండు వరసలకు రంగులు వేసి పెట్టండి, పై వరసలు పిల్లలకు వదిలేయండి. పైకి పోయేకొద్దీ ఎన్ని తగ్గుతున్నాయో వాళ్లే కనిపెడతారు. తంగేడు పువ్వు ఒకటి పెద్దగా గీసి రేకులు లెక్కపెట్టించండి, అయిదు. పెరట్లో నందివర్ధనం తెచ్చి చూడమనండి, దానికీ అయిదు. రేక మందారం కూడా అయిదే. మర్నాడు పిల్లలు జేబుల నిండా పూలు తెస్తారు, వాటిలో అయిదు కానివి ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతూ.

బతుకమ్మ తొమ్మిది రోజులు, ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. తొమ్మిది బతుకమ్మల బొమ్మ వరసగా గీసి రోజుకొకటి రంగు వేయమంటే మొదటి, రెండో, మూడో అనే వరస సంఖ్యలు వాటంతట అవే వస్తాయి. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు పేర్చరు. అప్పుడు ఆరో బొమ్మ రంగు లేకుండా ఉండిపోతుంది. తొమ్మిది రోజులు, కానీ బతుకమ్మలు ఎనిమిదే. ఖాళీగా ఉన్న ఆ ఒక్క గడిని చూపిస్తూ పిల్ల తీసివేత చెప్పగలదు, మనం ఆ పేరు కూడా వాడక్కర్లేదు. తెలంగాణలో అప్పటికి దసరా సెలవులు ఇచ్చేస్తారు కాబట్టి ఈ పేజీ ఇంటికి వెళ్తుంది, ఇంట్లో నానమ్మలు, అమ్మమ్మలు దీనికి టీచర్లు. చదువు రాదు అని పిల్లల పుస్తకం ముట్టుకోవడానికి సంకోచించే ముసలమ్మ ఈ పేజీ దగ్గర మనవరాలిని సరిదిద్దగలదు.

అలాగే ముగ్గు. ధనుర్మాసంలో మా బడికి వచ్చే దారంతా ముగ్గులే. "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు" అని ఒక అక్క చెప్తుంటే ఇంకో అక్క పెడుతుంటుంది. మధ్యలో ఏడు, సందుల్లో చుక్క పెట్టుకుంటూ పైకి ఆరు, అయిదు, నాలుగు, కిందికీ అంతే. మొత్తం ముప్పై ఏడు చుక్కలు. ఆరేళ్ల పిల్లలకు అది పెద్దది, వాళ్లకు అయిదు చుక్కలు మూడు వచ్చేవరకు చాలు: మూడు, నాలుగు, అయిదు, నాలుగు, మూడు, మొత్తం పందొమ్మిది. మీరు పేజీలో మధ్య వరస అయిదు చుక్కలు, ఒకవైపు నాలుగు చుక్కలు మాత్రం ఇచ్చి వదిలేయండి. పై వరసకు ఎన్ని, కింది వరసకు ఎన్ని, ఎక్కడ పెట్టాలి అన్నది పిల్లలు తేల్చుకోవాలి. చుక్క సందులో కాకుండా నేరుగా పెడితే ముగ్గు కలవదు, తప్పని టీచర్ చెప్పక్కర్లేదు, ముగ్గే చెప్తుంది. ముగ్గు పూర్తయ్యాక రంగులు: ఒక సగానికి వేసి ఇస్తే, రెండో సగానికి అద్దంలో కనిపించినట్టు అవే రంగులు వేయాలి. అబ్బాయిలు ముగ్గు వేయరని కొంతమంది పేరెంట్స్ అంటారు. నా క్లాసులో అందరూ వేస్తారు, చుక్కలు తిన్నగా పెట్టడంలో గట్టివాళ్లు ఇద్దరు అబ్బాయిలే.

పండుగలు అన్నాను కాబట్టి ఒకటి స్పష్టంగా చెప్పాలి. అన్ని ఇళ్లలో అన్ని పండుగలూ ఉండవు. నా క్లాసులో క్రిస్మస్‌కు ఇంటి ముందు అయిదు కొమ్ముల స్టార్ కట్టే పిల్లలున్నారు, రంజాన్ నెలవంక కోసం మేడ ఎక్కి చూసే పిల్లలున్నారు. స్టార్ కొమ్ములు లెక్కపెట్టి ఒకటి విడిచి ఒకటి రంగు వేయమంటే అయిదో కొమ్ము దగ్గర ఇరుక్కుంటారు, పక్కపక్కన రెండు ఒకే రంగు వచ్చేస్తాయి. ఎందుకు ఇరుక్కున్నారో మాట్లాడుకుంటే సరి, బేసి సంఖ్యలు అక్కడే మొదలవుతాయి. నెలవంకను రోజూ రాత్రి చూసి మర్నాడు ఎంత పెరిగిందో అంత నింపే పేజీ చేయొచ్చు. పండుగ పేజీలు అందరివీ ఉండాలి, వాటికంటే ఎక్కువగా పొలం, చెట్టు, వాన, సంతలో కాయగూరలు ఉండాలి, అవి అందరివీ.

ప్రాంతాల సంగతి కూడా. ఒకే పుస్తకం రెండు రాష్ట్రాలకూ కుట్టేస్తే మళ్లీ అదే తప్పు చేసినట్టు. అరకులో చలికాలానికి కొండలు వలిసె పూలతో పసుపుగా ఉంటాయి, ఆదిలాబాద్‌లో ఆ రోజుల్లో పత్తి తీస్తుంటారు, మన్యంలో ఎండాకాలం మొదట్లో పిల్లలు తెల్లారుతూనే ఇప్పపూలు ఏరడానికి వెళ్తారు. గుంటూరు, ఖమ్మం వైపు ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే కళ్లాల్లో మిరపకాయలే, పొడవు పొట్టి వరస పెట్టడానికి, పండు పచ్చి వేరుచేయడానికి బొమ్మ వెతుక్కోనక్కర్లేదు (బొమ్మకే రంగు వేయిద్దాం, కాయ ముట్టిన చేతులు కళ్లలో పెట్టుకుంటారు). తీరంలో పిల్లలకు చేపలు ఇవ్వండి. ఒక్కో నెలకు నాలుగైదు బొమ్మలు ఇచ్చి టీచర్‌నే ఎంచుకోమంటే సరిపోతుంది.

ఇక రెండో విషయం, రంగు పిల్లల నిర్ణయం కావడం. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది నంబరును బట్టి రంగు వేసే పేజీ. ఒకటి ఉన్నచోట ఎరుపు, రెండు ఉన్నచోట పసుపు, చివరికి చిలక బొమ్మ బయటపడుతుంది. పిల్లలకు అది ఇష్టమే, అంకె ఆకారం గుర్తుపట్టడానికి పనికొస్తుంది, కాదనను. కానీ అందులో మూడుకూ మూడు వస్తువులకూ సంబంధమే లేదు. మూడు బదులు ఒక పువ్వు గుర్తు పెట్టినా పేజీ అలాగే నడుస్తుంది. దాన్ని కొంచెం మారిస్తే చాలు: అంకె ఉన్నచోట చుక్కలు పెట్టండి, కొన్నిచోట్ల రెండూ ఒకటీ విడివిడిగా చుక్కలు, కొన్నిచోట్ల మూడూ ఒకేచోట. లెక్కపెడితేగానీ రంగు తెలియకూడదు.

ఇంకా మంచిది మామిడి గుత్తి. ఉగాది దగ్గర పడే రోజుల్లో నేను ఇచ్చే పేజీ ఇది. ఒక గుత్తికి అయిదు కాయలు, ఏమీ రాసి ఉండదు. పిల్లలతో ఇంతే అంటాను: కొన్ని పండినట్టు పసుపు వేయండి, మిగతావి పచ్చి కాయలు. ఎన్ని అన్నది మీ ఇష్టం. మొదటిసారి ఇచ్చినప్పుడు ఇద్దరు పక్కపక్క పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు, ఒకడు రెండు పసుపు, మూడు పచ్చ వేశాడు, ఇంకొకడు నాలుగు, ఒకటి. నాది కరెక్ట్ అంటే నాది కరెక్ట్. ఇద్దరినీ మొత్తం లెక్కపెట్టమన్నాను, రెండింటిలోనూ అయిదే. అప్పుడు ఒకడు "అయితే అన్నీ పండేస్తే?" అన్నాడు. అయిదు పండ్లు, సున్నా కాయలు. సున్నా ఆ రోజు వాళ్లంతట వాళ్లే తెచ్చుకున్నారు. అన్నీ గోడకు అంటించి చూస్తే అయిదును విడగొట్టే ఆరు రకాలూ ఉన్నాయి. మీరు అచ్చు వేసే పేజీల్లో ఒక్కటే సరైన సమాధానం ఉన్నవి తగ్గించి, ఇలా చాలా సమాధానాలు ఉన్నవి పెంచండి. దిద్దడం కష్టమని టీచర్లు అంటారేమోనని మీ భయం కావచ్చు. ఇక్కడ దిద్దక్కర్లేదు, పిల్లను చెప్పమని వినడమే.

మరో మాట, ఇది ఎవరూ పట్టించుకోరు. మగపిల్లల్లో కొంతమందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, పుట్టుకతోనే. అమ్మాయిల్లో అది చాలా అరుదు. ఆ పిల్లాడు పేజీ మొత్తం తప్పు వేస్తే లెక్క రాదనుకుంటాం. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ రెండింటి మీదే ఆధారపడే పేజీలు వద్దు, నీలం, పసుపు వాడండి, లేదా ఒకదానికి గీతలు, ఒకదానికి చుక్కలు పెట్టే వీలు ఇవ్వండి. క్రేయాన్ల మీద రంగు పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో ఉంటే టీచర్ సాయం చేయడం కూడా తేలిక.

ఖర్చు గురించి నాకు తెలుసు, అంగన్‌వాడీల్లో క్రేయాన్లు ఎంతకాలం వస్తాయో కూడా తెలుసు. రంగుల్లో అచ్చు వేసిన దళసరి పుస్తకం అక్కర్లేదు. నల్లగీతల బొమ్మ, ఏ4 కాగితంలో సగం, పెద్ద ఆకారాలు, మూడేళ్ల పిల్లలకు అయిదులోపు, తర్వాత పదిలోపు, ఒకటో తరగతికి ఇరవై దాకా. దాన్ని పీడీఎఫ్‌గా ఉచితంగా పెట్టండి, మండలంలో ఎక్కడైనా జిరాక్స్ తీసుకుంటాం. క్రేయాన్లు లావుగా ఉండాలి, సన్నవి ఆ చేతుల్లో రెండు రోజుల్లో ముక్కలవుతాయి. క్రేయాన్లు లేని రోజుల్లో పసుపు కలిపిన నీళ్లు, ఇటుక పొడి, బొగ్గు, బీట్‌రూట్ రసం చాలు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది, మా పిల్లలు పదేసి పూలు అద్ది లెక్కపెడతారు. బజార్లో దొరికే ముగ్గు రంగులు మాత్రం చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దని పేజీల్లోనే రాయండి, వాళ్లు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు.

పేజీ వెనక టీచర్ కోసం మూడు ప్రశ్నలు రాయండి, తెలుగులో, ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నట్టు. ఎన్ని ఉన్నాయి, నీకెలా తెలిసింది, ఇంకొకటి వస్తే ఎన్ని? లక్ష్యాలు, సామర్థ్యాలు, కోడ్ నంబర్లు ఆ వైపు వద్దు. అంగన్‌వాడీ టీచర్ ఒక చేత్తో వంట చూసుకుంటూ, గుడ్ల లెక్క రాసుకుంటూ, ఇంకో చేత్తో ఈ పేజీ పట్టుకుంటుంది, ఆమెకు ఆ మూడు ప్రశ్నలే పనికొస్తాయి.

ఇదంతా కొత్త కోరిక కూడా కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. 2021 జులైలో చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల కోసం కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ మొదలైంది, 2026-27 నాటికి మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు వచ్చి తీరాలని గడువు పెట్టారు. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటతో, ఇంటి భాషతో, చుట్టూ ఉన్నవాటితో నేర్పమని చెప్పింది. తెలంగాణ అదే ఏడాది ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కల కోసం తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. వీటికోసం మాకు ఇచ్చే ట్రైనింగులన్నిటిలో స్థానిక వనరులు వాడాలి అనే మాట వింటూనే ఉన్నాం. మాకు చెప్పేది ఒకటి, చేతికి వచ్చే పేజీ ఇంకొకటి కాకుండా చూడమనే ఈ ఉత్తరం. ప్రచురణకర్తలకు విడిగా చెప్తున్నాను, మీ పుస్తకాలకు పేరెంట్స్ చాలా కడుతున్నారు, ఆ డబ్బులో కొంత బొమ్మలు గీసే మన ఊరి ఆర్టిస్టులకు ఇవ్వండి. తంగేడు చూసినవాళ్లే తంగేడు సరిగ్గా గీస్తారు.

మొత్తం ఏడాది పేజీలు ఒకేసారి అడగడం లేదు. జూన్, జులై నెలలవి బడులు తెరిచే లోపు పెట్టండి: ఆకాశం చార్టు, ఆరుద్ర పురుగు, నేరేడు పండ్లు, గొడుగులు. రెండు నెలలు వాడి పిల్లలు ఎక్కడ ఇరుక్కున్నారో, ఏ పేజీని ఎత్తి పడేశారో మేం రాసి పంపుతాం, దాన్ని చూసి దసరావి, సంక్రాంతివి చేయండి. తయారుచేసే కమిటీలో ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒకటో తరగతి చెప్పే ఇద్దరు టీచర్లు తప్పకుండా ఉండాలి, సంతకాలు పెట్టడానికి కాదు, పేజీలను ముందు వాళ్ల పిల్లల చేత వేయించి చూడటానికి. నేను గీసుకున్న పేజీలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. నా పేరు వేయక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, మీలో ఎవరు అడిగినా ఇస్తాను.

ఇట్లు,
ఒక ఒకటో తరగతి టీచర్